దిబ్బ దిగిన పుంజు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, కొండవాలులో, ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో సన్నెమ్మ ఉండేది. సన్నెమ్మకి తోడు ఎవరంటే ఆమె కోళ్ళే.

ఇంటి వెనక పెరట్లో కోళ్ళకోసం ఒక దొడ్డి కట్టింది సన్నెమ్మ. చుట్టూ వెదురు దడి. దడి కిందనుంచి ముంగిసలు దూరకుండా మోకాలెత్తు మట్టికట్ట. కాస్త మెరకన ఒక మట్టిగూడు, దానికి చెక్క తలుపు. ఎదురుగా పల్లపు మూల, వాననీళ్ళు బయటికి పోవడానికి కట్టలో చిన్న తూము. పగలంతా కోళ్ళు దొడ్డిలో తిరిగేవి. పొద్దుగూకగానే గూట్లో దూరేవి.

ఆ దొడ్డికి పెద్ద ఒక పుంజు. ఎర్రటి ఒళ్ళు, కొడవలిలా వంగిన నల్లటి తోక, తలమీద నిప్పుకణికలాంటి జుట్టు. ఆ జుట్టు చూసి ముచ్చటపడి సన్నెమ్మ వాడికి తురాయి అని పేరు పెట్టింది.

తురాయి చెడ్డవాడేం కాదమ్మా. నాలుగు గింజలు కనిపిస్తే 'కొక్కొక్కో' అని ముందు పెట్టల్ని పిలిచేవాడు. అవి తిన్నాకే తను ముక్కు పెట్టేవాడు. గద్ద నీడ నేలమీద పడితే చాలు, గొంతు చించుకుని అందర్నీ గూట్లోకి తరిమేవాడు. అన్నీ మంచి గుణాలే. కానీ వాడికి ఒకటే పిచ్చి. దిబ్బ పిచ్చి.

సన్నెమ్మ ఊడ్చిన చెత్తా, ఊకా, పేడా దొడ్డి పల్లంలో ఒకచోట పోసేది. తురాయి పొద్దున్నే ఆ కుప్పెక్కి కూసేవాడు. అక్కడినుంచి దడి అవతల కొంచెం కనిపించేది. ఇంకాస్త ఎత్తుంటే ఇంకాస్త కనిపిస్తుంది కదా! తను కూడా కొండకింద ఊరివాళ్ళకి కనిపిస్తాడు కదా! అందుకని వాడు రోజూ కాళ్ళతో చెత్తని దడివైపుకి లాగేవాడు. మీదికి ఎగదోసేవాడు. తొక్కి గట్టిపరిచేవాడు. ఎండాకాలమంతా అదే పని.

దిబ్బ పెరిగింది. పెరిగి పెరిగి కట్టని ఆనుకుంది. కట్టలో ఉన్న తూముని కప్పేసింది. వానలు లేని రోజులాయె, ఎవరూ గమనించలేదు. తురాయి కూడా గమనించలేదు. వాడి చూపెప్పుడూ పైకే.

ఒకరోజు సన్నెమ్మ గుడ్లబుట్ట నెత్తిన పెట్టుకుని వాగు దాటి సంతకి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ దొడ్డి తలుపు బిగించి, లోపలికి తొంగి చూసింది.

"సాయంత్రానికల్లా వచ్చేస్తానురా తురాయీ. పసిపిల్లలున్నాయి, జాగ్రత్త!" అంది.

పసిపిల్లలంటే చుక్కలమ్మ పిల్లలు. చుక్కలమ్మ ఒంటినిండా తెల్లచుక్కలున్న పెట్ట. మొన్నమొన్ననే గుడ్లు పొదిగి లేచింది. దూదిపింజల్లాంటి పిల్లలు దాని వెనకే కిచకిచమంటూ తిరుగుతున్నాయి. అందులో ఒకటి మాత్రం బొగ్గుముక్కలా నల్లగా ఉంటుంది. అది ఎప్పుడూ అందరికంటే వెనకే.

తురాయి ఛాతీ ముందుకి తోసి, "నేనున్నానుగా!" అని దిబ్బమీదినుంచి కూశాడు.

సన్నెమ్మ వెళ్ళిన కాసేపటికే కొండమీద మబ్బు కమ్మింది. గాలి ఆగిపోయింది. ముందు ఒక చినుకు పడింది. తర్వాత పది పడ్డాయి. ఆ తర్వాత ఇక చినుకులు కావు, కుండపోతే. కొండమీది నీళ్ళన్నీ ఎర్రగా దొర్లుకుంటూ పెరట్లోకి దిగాయి. మెరకవైపు తలుపు సందుల్లోంచి దొడ్డిలోకి దూరి అక్కడే నిలవసాగాయి.

"అయ్యో, నా పొట్ట తడిసిపోయింది!" అని అరిచింది గిడసమ్మ. పొట్టి కాళ్ళ పెట్ట అది. నడుస్తుంటే బంతి దొర్లినట్టుంటుంది.

"కంగారుపడకండి. వానన్నాక వస్తుంది, పోతుంది. అందరూ గూట్లోకి పదండి," అన్నాడు తురాయి.

అందరూ గూట్లోకి వెళ్ళారు. వాన తగ్గలేదు. కాసేపటికి గూటి గడప మీదినుంచి నీళ్ళు లోపలికి జారాయి. పిల్లల కాళ్ళు తడిశాయి. అవి వణుకుతూ తల్లి రెక్కలకింద ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"బావా! గూట్లోకి నీళ్ళొచ్చేశాయి. పిల్లలు చలికి బిగుసుకుపోతున్నాయి," అని పిలిచింది చుక్కలమ్మ.

తురాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా దిబ్బమీదికి రండి! అందరికీ చోటుంది!" అన్నాడు.

నీళ్ళలో దారి చూపిస్తూ ముందు తను నడిచాడు. వెనక బూడిదమ్మ. ఆ దొడ్డిలో అందరికంటే వయసులో పెద్ద పెట్ట. ఈకలు రాలి, కళ్ళు మసకబారి ఉన్నా పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తోస్తూ దిబ్బమీదికి ఎక్కించింది. అందరూ పైకి చేరారు. దిబ్బమీద ఊక ఇంకా వెచ్చగానే ఉంది.

"చూశారా అత్తా? రోజూ నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఈ దిబ్బే లేకపోతే ఇవాళ ఏమైపోయేవాళ్ళు?" అన్నాడు తురాయి.

"నిజమేరా నాయనా. నీ కష్టం ఊరికే పోలేదు. చల్లగా ఉండు," అంది బూడిదమ్మ.

ఆ మాటకి తురాయి మెడ ఇంకాస్త నిటారుగా లేచింది. దిబ్బ కొసన నిలబడి నలుదిక్కులా చూశాడు. దొడ్డంతా ఎర్రనీళ్ళే. గూటి గడప పూర్తిగా మునిగింది. తలతిప్పి దడి అవతలికి చూశాడు.

చూసి అలాగే నిలబడిపోయాడు.

దడి అవతల నీళ్ళు లేవు.

నేల తడిసింది, అంతే. పడిన వాన పడినట్టే గలగలమని వాగువైపు జారిపోతోంది. అవతల గడ్డిపరకలు కూడా నిలబడే ఉన్నాయి. ఇవతల మాత్రం చెరువు. రెండింటి మధ్య మట్టికట్ట. ఆ కట్టలో నీళ్ళు పోవలసిన తూము... తూము ఏది?

తురాయి తన కాళ్ళకిందికి చూసుకున్నాడు.

వాడికి అర్థమైంది. మిగతావాళ్ళంతా చలికి ముడుచుకుని లోపలివైపు తిరిగి కూర్చున్నారు. దడి అవతల ఏముందో వాళ్ళకి కనిపించదు. కొసన నిలబడ్డ తురాయికి ఒక్కడికే కనిపిస్తుంది.

'చెప్పకపోతే ఎవరికీ తెలీదు,' అనుకున్నాడు వాడు. 'వాన ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోవచ్చు. ఆగిపోతే దిబ్బా ఉంటుంది, నా మాటా ఉంటుంది.'

"బావా, నీళ్ళు ఇంకా పైకెక్కుతాయంటావా?" అని అడిగింది చుక్కలమ్మ.

"ఎక్కవు," అన్నాడు తురాయి.

అనేశాడు గానీ, ఆ గొంతు వాడిదిలా లేదు.

నీళ్ళు ఎక్కాయి. దిబ్బ అంచున ఊక తేలిపోసాగింది. కింద కూర్చున్నవాళ్ళు పైకి జరిగారు. జరగడానికి చోటు తగ్గింది.

అప్పుడు దడి అవతల టేకుచెట్టు మీదినుంచి ఒక గొంతు వినిపించింది. అదొక అడవిపుంజు. ఆకుల చాటున తడవకుండా కూర్చుని ఇందాకటినుంచీ తమాషా చూస్తోంది.

"ఏం తమ్ముడూ! నీళ్ళలో ఆ అవస్థ ఏమిటి? ఒక్క ఎగురు ఎగిరితే దడి. ఇంకో ఎగురుకి నా పక్కన కొమ్మ. నీ రెక్కలకి అదొక లెక్కా?" అంది.

"మరి వీళ్ళు?" అన్నాడు తురాయి.

"ఎగరగలిగినవాళ్ళు ఎగురుతారు."

"పిల్లలు?"

"పిల్లలదేముంది? పెట్టలు మళ్ళీ పొదుగుతాయి, మళ్ళీ పుడతాయి. నీలాంటి పుంజు పోతే మళ్ళీ వస్తుందా? రా, వచ్చెయ్!"

తురాయి రెక్కలు విదిల్చాడు. నిజమే, ఎగరగలడు. దడి ఎంత దూరం? ఒక్క ఎగురు.

సరిగ్గా అప్పుడే చుక్కలమ్మ రెక్కకిందినుంచి నల్లపిల్ల తల బయటపెట్టింది. కాళ్ళదాకా వచ్చిన నీళ్ళని చూడలేదది. తలెత్తి తురాయిని చూసింది. ఆ కళ్ళలో భయం ఇసుమంతైనా లేదు. 'నువ్వున్నావుగా' అన్నట్టు చూసి, మళ్ళీ తల లోపలికి పెట్టేసుకుంది.

తురాయి రెక్కలు ముడిచాడు.

"అన్నా, పొదిగితే మళ్ళీ పిల్లలు వస్తాయి. కానీ ఈ పిల్లలు రావు," అన్నాడు.

గిర్రున వెనక్కి తిరిగాడు. "అత్తా, చుక్కలూ, అందరూ వినండి. ఈ నీళ్ళు వానవల్ల నిలవలేదు. నావల్ల నిలిచాయి. అవతల చుక్కనీరు నిలవలేదు. తూము ఈ దిబ్బకింద ఉంది. దాన్ని పూడ్చింది నేనే. ఎత్తు కావాలని చెత్తంతా అటు లాగి పూడ్చాను. ఇప్పుడు ఈ దిబ్బని తవ్వాలి."

అందరూ ఒక్కసారిగా తమ కాళ్ళకింద దిబ్బవైపు చూశారు.

ముందుగా గిడసమ్మ లేచింది. "నీకేమన్నా మతిపోయిందా బావా? మునగకుండా మిగిలిన చోటు ఇదొక్కటే! దీన్నీ తవ్వేస్తే మేమెక్కడ నిలబడాలి? నీ నెత్తినా?"

చుక్కలమ్మ మాత్రం అరవలేదు. సూటిగా చూసింది. "ఈ సంగతి నీకు ఇందాకే తెలుసా?"

"తెలుసు."

"నీళ్ళు ఎక్కుతాయా అని అడిగాను కదా. ఎందుకు చెప్పలేదు?"

తురాయి తలదించుకున్నాడు. "సిగ్గేసింది," అన్నాడు.

చుక్కలమ్మ కళ్ళెర్రజేసింది. ఏదో అనబోయింది. ఇంతలో బూడిదమ్మ మధ్యలోకి వచ్చింది.

"సిగ్గు తర్వాత పడుదువు గాని. తిట్లు కూడా తర్వాతే తిందువు గాని. ముందు తూము సరిగ్గా ఎక్కడుందో చూపించు," అంది.

తురాయి దిబ్బ దిగాడు. నీళ్ళు వాడి ఛాతీకి తగిలాయి. మంచుగడ్డల్లా ఉన్నాయి. దడిని ఆనుకుని నిలబడి, రెండు కాళ్ళతో గీరడం మొదలుపెట్టాడు. ఊక చెల్లాచెదురై తేలిపోయింది. తను వేసవంతా ఎగదోసిన ఊక. తను తొక్కి తొక్కి నున్నగా చేసుకున్న అంచు. గీరిన కొద్దీ కూలిపోతోంది.

ఒక్కడే గీరాడు. ఎవరూ కదల్లేదు. వాడు ఆగలేదు.

"ముసలి కాళ్ళే గానీ గోళ్ళు ఇంకా ఉన్నాయి నాకు," అంటూ బూడిదమ్మ నీళ్ళలోకి దిగింది. వాడి పక్కన నిలబడి గీరింది.

అది చూసి గిడసమ్మ ఒకసారి దిబ్బని, ఒకసారి నీళ్ళని చూసుకుంది. "నేను దిగితే మెడదాకా మునుగుతాను, మీకేం తెలుసు నా బాధ!" అని సణుక్కుంటూనే దభీమని దూకింది. దూకి, అందరికంటే వేగంగా తవ్వింది. పొట్టికాళ్ళు కదమ్మా, పాతాళం దానికి దగ్గర!

తవ్వడం కోడికి ఒకరు నేర్పక్కర్లేదు. గుడ్డులోంచి బయటపడ్డ రోజునుంచీ చేసే పని అదే. కాకపోతే అన్ని రోజులూ ఎవరి పురుగు కోసం వాళ్ళు, ఎవరికి నచ్చినచోట వాళ్ళు గీరేవాళ్ళు. ఆ రోజు మాత్రం అందరి కాళ్ళూ ఒకే గీతమీద పడ్డాయి.

ఊక పోయింది. దానికింద తడిసిన పేడ. అదీ పోయింది. దానికింద గట్టిపడ్డ మట్టి. వేసవంతా తురాయి తొక్కిన మట్టి అది. రాయిలా ఉంది. బూడిదమ్మ గోరు విరిగింది. తురాయి కాలినుంచి నెత్తురు కారింది. ఎంత గీరినా తూము కనిపించలేదు.

మీద దిబ్బ ఒక పక్కకి జారింది. పిల్లలతో ఉన్న చుక్కలమ్మ తూలి నిలదొక్కుకుంది. "బావా! ఇక్కడ నా కాళ్ళకింద కరిగిపోతోంది!" అని కేక పెట్టింది.

గిడసమ్మ రొప్పుతూ ఆగింది. "నువ్వు చెప్పింది తప్పైతే?" అంది.

తురాయి తల నీళ్ళలో ముంచి, ముక్కుతో మట్టిలో ఒక్క పోటు పొడిచాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ పొడిచాడు. మూడోసారి పొడిచేసరికి ముక్కుకి మట్టి తగల్లేదు. ఖాళీ తగిలింది.

గుళుక్!

ఒక చిన్న బుడగ పైకొచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత సుళ్ళు తిరుగుతూ నీళ్ళు ఆ కన్నంలోకి దూకాయి. కన్నం పెద్దదైంది. చెత్తా, పేడా, మట్టీ అన్నీ పెళపెళమని విరిగి అవతలికి కొట్టుకుపోయాయి.

"తెరుచుకుంది! తెరుచుకుంది!" అని ఎగిరి గంతేసింది గిడసమ్మ.

కానీ నీళ్ళు అలా ఒక్కసారిగా లాగేసరికి మిగిలిన దిబ్బ అంచు పట్టు వదిలింది. అంచున ఉన్న నల్లపిల్ల జారి నీళ్ళలో పడింది.

"నా పిల్ల!" అని చుక్కలమ్మ ఆర్తనాదం చేసింది.

సుడి దాన్ని గిరగిరా తిప్పుతూ తూమువైపు లాక్కుపోయింది. తూము దాటితే వాగే. వాగులో పడితే ఇక దొరకదు. తురాయి రెండు రెక్కలూ బారుగా చాచి తూముకి అడ్డంగా పడ్డాడు. ఒక రెక్క తూముకి ఇటు, ఒక రెక్క అటు. నీళ్ళు వాడి వీపుమీదినుంచి పోయాయి. చెత్త ముఖాన కొట్టింది. అందమైన నల్లతోక ఈకలు ఒక్కొక్కటే ఊడి కొట్టుకుపోయాయి. వాడు కదల్లేదు. మెత్తగా ఏదో వచ్చి ఛాతీకి తగిలింది. ముక్కుతో పట్టుకున్నాడు.

నల్లపిల్ల.

బూడిదమ్మ వచ్చి దాన్ని అందుకునేదాకా వాడు పట్టు వదల్లేదు.

నీళ్ళు తగ్గడం మొదలైంది. ముందు గిడసమ్మ మెడ బయటపడింది. తర్వాత పొట్ట. తర్వాత ఆ పొట్టి కాళ్ళు కూడా బయటపడ్డాయి. గూటి గడప తేలింది. వాన ఇంకా పడుతూనే ఉంది, కానీ ఇప్పుడు పడినది పడినట్టే పోతోంది.

టేకుచెట్టు మీద అడవిపుంజు రెక్కలు దులుపుకుని అడవిలోకి ఎగిరిపోయింది.

చుక్కలమ్మ ఒళ్ళంతా నానిపోయి వణుకుతోంది. దాని రెక్కలకింద వెచ్చదనమే లేదు. తురాయీ తడిశాడు గానీ, అంతసేపు తవ్విన వాడి ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. పిల్లలు అటూ ఇటూ చూసి, తిన్నగా తురాయి దగ్గరికి నడిచాయి. వాడి పొట్టకింద దూరాయి. తురాయికి ఏం చెయ్యాలో తోచలేదు. పుంజులు పిల్లల్ని పొదువుకోవడం ఎక్కడైనా ఉందా? బిక్కమొహం వేసి చుక్కలమ్మవైపు చూశాడు.

"కూర్చో బావా. మెల్లగా కూర్చో. రెక్కలు కొంచెం వదులు చెయ్యి," అని నేర్పింది చుక్కలమ్మ. పిల్లలన్నీ సర్దుకున్నాక, "నువ్వు దాచిన మాట మర్చిపోను. నువ్వు అడ్డం పడ్డదీ మర్చిపోను," అంది.

"రెండూ గుర్తుపెట్టుకో చుక్కలూ," అన్నాడు తురాయి.

వాగు తగ్గాక సన్నెమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. వస్తూనే దొడ్డి తలుపు తీసింది. గూటి గోడమీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో బురదగీత కనిపించింది. ఆ గీత చూసి, పిల్లలు ఒక్కటీ మిగిలి ఉండవనుకుంది.

తర్వాత కూలిన దిబ్బని చూసింది. దానిమధ్య గోళ్ళతో గీరిన కాలువని చూసింది. తెరుచుకున్న తూముని చూసింది. చివరికి తోకలేని, బురదకొట్టుకున్న పుంజునీ, దాని రెక్కలకిందినుంచి తొంగిచూస్తున్న బుల్లిబుల్లి తలల్నీ చూసింది.

"ఓరి నా తండ్రీ! ఇదంతా మీరే చేశారా?" అంది. ఆమె కళ్ళు తడిశాయి. పైటచెంగుతో వాడి తల తుడిచింది. ఆ రాత్రి కోళ్ళన్నీ వంటింట్లో పొయ్యి పక్కన పడుకున్నాయి.

మర్నాడు సన్నెమ్మ మిగిలిన పెంటని గంపకెత్తి ఆనపపాదుకి వేసింది. తూముకి రెండువైపులా రాళ్ళు పేర్చింది. దొడ్డంతా చదునైంది. 'మరి తురాయి ఎక్కడ కూశాడు?' అని అడుగుతారేమో. నేలమీదే కూశాడమ్మా. ఎప్పటికంటే గట్టిగానే కూశాడు. ఊరంతా వినిపించింది. కనిపించాలన్న కోరిక వాడికి మళ్ళీ రాలేదు.

మళ్ళీ మబ్బు పట్టిన రోజు ఏమైందో కూడా చెబుతాను. గాలి ఆగి, చినుకు పడబోతుండగా, తురాయి అందర్నీ పిలుద్దామని తూము దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే బూడిదమ్మ అక్కడుంది. విరిగిన గోరుతోనే ఆకుల్ని పక్కకి లాగుతోంది. గిడసమ్మ ఒక పుల్లని ముక్కున కరుచుకుని బయటికి ఈడుస్తోంది. చుక్కలమ్మ పిల్లలు వరసగా నిలబడి చిట్టిచిట్టి కాళ్ళతో కాలువ గీరుతున్నాయి. అన్నిటికంటే ముందు, నల్లపిల్ల.

ఎవరూ వాటికి చెప్పలేదు. ఎవరూ పిలవలేదు.

తురాయి ఒక పక్కగా నిలబడి చూశాడు. వాడికి ఇంకా తోక పూర్తిగా రాలేదు. అయినా ఆ దొడ్డిలో ఆ రోజు వాడంత గర్వంగా నిలబడ్డ పుంజుని నేనైతే ఇంతవరకూ ఎక్కడా చూడలేదు. వాడు నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు. పిల్లల మధ్యలోకి వెళ్ళి, ఖాళీగా ఉన్న చోట నిలబడి, తనూ గీరడం మొదలుపెట్టాడు.

నీతి: ఎత్తున నిలబడ్డవాడికి ముప్పు ముందుగా కనిపిస్తుంది. కనిపించినదాన్ని దాచకుండా చెప్పి, తన ఎత్తు పోయినా సరే అనుకుని నలుగుర్నీ కాపాడినవాడే పెద్ద.